హెల్మెట్ మీద కూర్చున్న మిలాన్

నా చీలమండలో సూది దించమని మిలాన్ వుకెలిచ్‌ను బతిమాలుకున్నది నేనే. ఇది ముందే చెప్పాలి. నేను కుంటుకుంటూ వీధిలో వెళ్తుంటే చూసినవాళ్ళు ఇప్పటికీ ఆయన్నే తిడతారు గనక.

అది 1957 అక్టోబరు. స్టౌటన్ హ్యామర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో నాది ముందు వరస. ఎదురుగా ఉన్నవాణ్ణి గుద్ది పడెయ్యడం, వెనక బంతి పట్టుకుని వచ్చేవాడికి దారి చెయ్యడం, అంతే మా పని. ఆ ఆదివారం అవతలి జట్టువాడొకడు, బంతి ఎటో పోయాక తీరిగ్గా వచ్చి నా కాలి మీద రెండు మోకాళ్ళతో దూకాడు. విరామంలో బూటు విప్పేసరికి చీలమండ గుమ్మడికాయంత అయింది.

"ఇది కట్టుతో పోయేది కాదు లియో," అన్నాడు మా జట్టుకి కట్లు కట్టే మిలాన్. "సూదేస్తే నొప్పి తెలీదు. నొప్పి తెలీకపోతే ఎముక పోయినా తెలీదు."

"గంటసేపు నాకు కాలు లేదనిపించు చాలు. నీ కాళ్ళు పట్టుకుంటా."

వేశాడు. ఆట ఇంకో పది నిమిషాలుందనగా ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఎవరికో ఏదో విరిగిందనుకుని చుట్టూ చూశాను. విరిగింది నాదే. ఆ కాలితోనే మరో నలుగురిని గుద్దాను. సాయంత్రం మత్తు దిగాక నా అరుపులకి ఆసుపత్రి నర్సు చెవులు మూసుకుంది. మిలాన్ మంచం పక్కనే నిలబడ్డాడు.

మిలాన్ సెర్బియా నుంచి వలస వచ్చినవాళ్ళ వీధిలో పుట్టాడు. తండ్రి ఉక్కు కార్ఖానాలో మరిగే ఇనుము ఒంపేవాడు, అందులోనే కాలిపోయాడు. మిలాన్ పంతొమ్మిదేళ్ళకే జట్టులో చేరి రెండేళ్ళు ఆడాడు. పదిమంది ఒకరి మీద ఒకరు పడ్డ కుప్పలో ఎవడో వేలు పెట్టి ఎడమ కన్ను పొడిచేశాడు. అది పొడిచినవాడెవడో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు. ఆ తర్వాత కార్ఖానా ప్రథమ చికిత్స గదిలో పనికి చేరి, తెగిన వేళ్ళూ నలిగిన చేతులూ చూసి చూసి కట్లు కట్టడం నేర్చుకున్నాడు. ఆ విద్యతోనే మళ్ళీ జట్టుకి వచ్చాడు. మేం ఆయన్ని 'డాక్టరుగారూ' అని వెక్కిరించేవాళ్ళం. మెలి తిరిగిన ముక్కుని సరిచేసేటప్పుడు "మూడు అంకెలు లెక్కపెడతా" అనేవాడు. రెండు దగ్గరే విరిచేసేవాడు. మేం బూతులు తిడుతుంటే, "చూశావా, ఊపిరి ఆడుతోంది కాబట్టే తిడుతున్నావు" అని నవ్వేవాడు.

ఆ ఏడే వర్జిల్ స్టాంపర్ వచ్చాడు. కెంటకీ కొండల్లో బొగ్గుగని వాళ్ళ పిల్లాడు, ఇరవై రెండేళ్ళు. అవతలివాణ్ణి చేతులతో పట్టుకుని పడెయ్యడం వాడికి చేతకాదు. పొట్టేలులా తల వంచి, వాడి గుండెల్లోకి దూసుకెళ్ళేవాడు. వాడి దెబ్బకి చికాగో కుర్రాడొకడు నోట్లోంచి నెత్తురు కక్కుతూ స్ట్రెచరెక్కాడు. మా కోచ్ మెక్‌కాండ్లెస్ పట్టలేక ఎగిరి గంతేశాడు. "పడ్డవాడు లేవకూడదు! అదీ దెబ్బంటే!" అని మా అందరికీ వాణ్ణి చూపించాడు.

వర్జిల్‌కి ఊళ్ళో ఎవరూ లేరు. బుధవారం బుధవారం మిలాన్ ఇంట్లో తిండి. మిలాన్ భార్య డ్రాగ క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండేది. వీడు పద్నాలుగు తినేవాడు. "నీ కడుపులో కార్ఖానా ఉందిరా, పొగ గొట్టమే తక్కువ" అని ఆవిడ ఇంకో రెండు వడ్డించేది.

నా కాలు విరిగాక నాలుగో ఆదివారం. చలికి నేల రాయిలా బిగుసుకుంది. పిండికట్టుతో, చంకల్లో కర్రలతో నేను బెంచీ దగ్గర నిలబడ్డాను. మేం మూడు పాయింట్లు ముందున్నాం. వర్జిల్ తల వంచి దూకాడు, అవతలివాడి మోకాలు సరిగ్గా వాడి చెవి మీద తగిలింది. స్టేడియం అంతా విన్నది ఆ చప్పుడు. లేచాడు, కాళ్ళు తడబడుతూ వెళ్ళి అవతలి జట్టువాళ్ళ గుంపులో నిలబడ్డాడు. జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

మిలాన్ మాత్రం పరుగున వెళ్ళి వాణ్ణి లాక్కొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"ఇవాళేం వారం రా?"

వర్జిల్ ఆలోచించాడు. "బుధవారం కదూ. ఆకలేస్తోంది."

మిలాన్ వాడి కనురెప్పలు ఎత్తి చూశాడు. ఒక కనుపాప ఆవగింజంత, ఇంకోటి మిరియమంత. అలాంటి కళ్ళు ఆయన కార్ఖానాలో ఒకసారి చూశాడు. క్రేను కొక్కెం తలకి తగిలినవాడు లేచి నడిచాడట, రొట్టె తిన్నాడట, జోకు కూడా వేశాడట. పని దిగే గంట కొట్టేలోపు పోయాడు.

మిలాన్ కోచ్ దగ్గరికి వెళ్ళాడు. "స్టాంపర్ ఇవాళ్టికి అయిపోయాడు."

"సూదెయ్యి."

"తలకి సూది లేదు కోచ్."

"వాళ్ళు మన గోల్ గీత దగ్గరికొచ్చేశారు, కనపడట్లేదా? ఉన్న ఆ ఒక్క కన్నూ పోయిందా? పంపించు వాణ్ణి!"

"పంపను. లియో కాలు చాలు నాకు."

కోచ్ ఆయన్ని పక్కకి నెట్టి, "స్టాంపర్! లోపలికి!" అని గట్టిగా అరిచాడు. ఆ గొంతు వినగానే వర్జిల్ స్ప్రింగులా లేచాడు. తల తడుముకున్నాడు. హెల్మెట్ లేదు. అప్పటికే మిలాన్ దాన్ని బెంచీ మీద పెట్టుకుని, పైన కోటు కప్పి, ఎక్కి కూర్చున్నాడు. బెంచీ అంచుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లే," అన్నాడు కోచ్.

"లేవను."

కోచ్ పిడికిలి బిగించి దవడ మీద కొట్టాడు. మిలాన్ తల పక్కకి వాలింది, నోట్లోంచి ఓ పన్ను మంచు మీద పడింది. చేతులు వదల్లేదు. ఇంకోటి కొట్టాడు. ఈసారి దవడ విరిగిన చప్పుడు నాకు వినబడింది. కొట్టి, కోచ్ ఇంకెవరి హెల్మెట్ అయినా లాక్కురావడానికి అటు పరిగెత్తాడు.

అప్పుడు వర్జిల్ మొదలుపెట్టాడు. "నాది నాకియ్యి ముసలోడా! ఇస్తావా ఇవ్వవా!" అంటూ పక్కటెముకల్లో గుద్దాడు. ఆ చేతులు మామూలు చేతులు కావు. ఒక్కొక్క గుద్దుకి మిలాన్ కొలిమి తిత్తిలా గాలి వదిలాడు. నెత్తురు నిండిన నోటితో "కొట్టుకోరా, కొట్టుకో, నువ్విక్కడే ఉండు" అంటున్నాడు. నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

నా చంకలో కర్రలున్నాయి. ఒకటి అడ్డం పెడితే చాలేమో. పెట్టలేదు. నిజం చెప్తున్నాను, హెల్మెట్ ఇచ్చెయ్యి మిలాన్, ఆట పోతుంది అనే నేనూ అనుకుంటూ నిలబడ్డాను.

ఆరో గుద్దో ఏడో గుద్దో, వర్జిల్ పిడికిలి గాల్లోనే విచ్చుకుంది. వాంతి చేసుకుని, మిలాన్ ఒళ్ళోనే కూలబడ్డాడు. కోచ్ ఎవడిదో హెల్మెట్ పట్టుకుని వచ్చేసరికి వాడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఇద్దరు మోసుకుంటూ అంబులెన్సులో ఎక్కించారు. పుర్రె కింద నెత్తురు గడ్డకట్టిందని తల తెరిచి తీశారు. ఇంకొక్క దెబ్బ తగిలి ఉంటే తెరిచే పని కూడా ఉండేది కాదన్నాడు సర్జన్.

మేం ఓడిపోయాం. మిలాన్ విరిగిన దవడని అరచేత్తో పట్టుకుని బయటికి నడుస్తుంటే జనం సీసాలు విసిరారు. ఒకటి నెత్తి మీద పగిలింది. "మా ఆట తినేశావు కదరా ఒంటికన్నోడా!" అని అరిచినవాడు మా వీధిలో రొట్టెలమ్మేవాడు. మర్నాడు పొద్దున్నే మిలాన్‌ని పనిలోంచి తీసేశారు. ఆరు వారాలు దవడకి తీగలు కట్టించుకుని గొట్టంతో చారు తాగాడు. మళ్ళీ కార్ఖానా చికిత్స గదికే చేరాడు.

వసంతంలో వర్జిల్ వచ్చాడు. గుండు మీద గుర్రపు నాడాలాంటి మచ్చ, మాట కొంచెం నిదానం. ఆ రోజు నేనూ వాళ్ళ బల్ల దగ్గరే ఉన్నాను. వాడికి ఆ ఆదివారం ఏమీ గుర్తులేదు.

"నీ దవడకేమైంది డాక్టరుగారూ?"

"కార్ఖానాలో గొలుసు తగిలిందిలే."

డ్రాగ గరిటె బల్ల మీద విసిరింది. "గొలుసా? చెప్పు, నిజం చెప్పు! దవడ మీ కోచ్ విరగ్గొట్టాడు. పక్కటెముకలు మూడు నువ్వు విరగ్గొట్టావు. ఈ చేతులతో!"

"ఊరుకోవే," అన్నాడు మిలాన్.

వర్జిల్ తన చేతుల వంక చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత కుర్చీ తన్నేసి లేచాడు. ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పక్కర్లేదు. మిలాన్ వెనకే పరిగెత్తి మెట్ల మీద వాణ్ణి పట్టుకున్నాడు.

"నీ తలలో ఇంకో దెబ్బకి చోటు లేదురా, ఆ కోచ్ జోలికెళ్ళకు!"

"వదులు! వాణ్ణి చంపేస్తా!"

వదిలించుకుంటున్నవాణ్ణి ఇక ఆపలేనని తెలిసి మిలాన్ వాడి కడుపులో ఒక్కటిచ్చాడు. ఆయన ఏ ఆటగాడి మీదా చెయ్యి చేసుకోగా నేను చూడలేదు, అదొక్కసారే. వర్జిల్ మెట్ల మీద చతికిలబడి, ఊపిరి అందాక, వెక్కి వెక్కి ఏడ్చాడు. మిలాన్ పక్కన కూర్చుని వీపు రాస్తూ, "ఊపిరి తీసుకో, తీసుకో" అంటూ ఉన్నాడు.

వర్జిల్ కెంటకీ వెళ్ళిపోయి, కలప కోసే మిల్లులో చేరి, పెళ్ళి చేసుకున్నాడు. మెక్‌కాండ్లెస్ ఇంకో నాలుగేళ్ళు కోచ్‌గానే ఉన్నాడు. మిలాన్ ఊపిరితిత్తుల జబ్బుతో 1971లో పోయాడు. అంత్యక్రియలకి వర్జిల్ రెండు రోజులు బస్సులో ప్రయాణం చేసి వచ్చాడు.

నలభై ఆరో ఏట వర్జిల్‌కి పేర్లు మరిచిపోవడం మొదలైంది. తర్వాత కోపాలు, తర్వాత ఇంటి దారి కూడా మరిచిపోవడం. వాడి భార్య ఒపల్ నాకు ఫోను చేసింది. "తలకి ఎప్పుడు దెబ్బ తగిలిందని డాక్టర్లు అడుగుతున్నారు అన్నయ్యా. ఆ ఒక్క ఆదివారం సంగతి చెప్పాను. ఇంకేమైనా ఉన్నాయా?"

ఏ ఆదివారమని చెప్పను? వాడి తలకి తగిలిన దెబ్బల్లో నేను చూసినవి మాత్రం గుర్తు తెచ్చుకుని, తేదీలు తెలిసినంత వరకు వేసి, రాసి పంపాను. నాలుగు కాగితాలు రెండు వైపులా నిండాయి.