గని ఆటలో అక్క వంతు

మా అక్క ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల పంక్తిలో ఒక కథ చెబుతుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా గనుల ఊళ్లో, రాబర్ట్‌సన్‌పేట కంప్యూటర్ సెంటర్లో, బంగారు గని ఆటలో తను నన్ను చిత్తుగా ఓడించిందని, నేను ఏడుస్తూ కోరమండల్‌లో ఉన్న మా ఇంటిదాకా నడిచొచ్చానని. ఏడ్చానన్నది అబద్ధం. నడిచిన మాట నిజమే. ఆ రోజు కంప్యూటరే సరిగ్గా లేదని నేనెంత మొత్తుకున్నా, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీడి వరస అని నవ్వేది. విన్నవాళ్లూ నవ్వేవారు. ముప్పై ఏళ్లుగా చుట్టాల్లో నా పరువు ఇదీ.

పోయిన వేసవిలో తట్టుకోలేక ఫోన్ చేశాను. అదే ఆట మళ్లీ ఆడి తేల్చుకుందాం, రమ్మన్నాను. అక్కది కామసముద్రంలో కాపురం. మామిడితోట, నాలుగు ఆవులు. ఆదివారం వస్తానంది, ఒక మాట కూడా ఇచ్చింది.

"నన్ను గెల్చినావంటే ఇంగ ఆ కథ యాడా ఎత్తను."

ఆ మాట కోసం ఆఫీసుకు వారం సెలవు పెట్టాను. లీవు లెటర్లో ఏ కారణం రాశానో ఇక్కడ చెప్పను.

అంత పాత ఆట ఇప్పటి కంప్యూటర్లో ఊరికే ఆడదు. ఎమ్యులేటర్ కావాలి. అంటే, కొత్త కంప్యూటర్ని పాతదానిలా నటింపజేసే సాఫ్ట్‌వేర్. ఎంత పాతదిగా నటించాలో, ఎంత నెమ్మదిగా నడవాలో మనమే చెప్పాలి. ఆటలో ఒక బుల్లి మనిషి లిఫ్టులో గనిలోకి దిగి, పైనుంచి రాళ్లు మీద పడేలోగా బంగారం తవ్వుకుని రావాలి. మొదటి రోజు నేను మీట మీద వేలు పెట్టేలోగా లిఫ్టు అడుగుకు కొట్టుకుని వాడు చచ్చాడు. అలా పదకొండుసార్లు చచ్చాడు. వేగం తగ్గిస్తే వాడు రాగిసంగటిలో కాలు దిగబడ్డట్టు కదల్లేదు, ఆట సంగీతానికి నత్తి వచ్చింది. మా ఆవిడ అటుగా వెళుతూ, పిండిమరకు వెళ్లిరమ్మంటే తీరికలేని మనిషికి దీనికి మాత్రం ఉందా అని అడిగింది. నేను తెర మీంచి కళ్లు తిప్పలేదు. అప్పుడు వాడు ప్రాణాలతో మూడో అంతస్తులో ఉన్నాడు.

నాలుగో రోజుకు ఆట నున్నగా నడిచింది. అసలు వేగం కంటే కొంచెం నెమ్మదే, కానీ రాయి పైనుంచి ఊడి కిందపడే లోపల కాఫీ ఒక గుక్క తాగొచ్చు. ఇంక నేను చావడం మానేశాను. అక్కడే దుర్బుద్ధి పుట్టింది. నా వంతు ఈ వేగంలో ఆడి, అక్క వంతు వచ్చేసరికి కంట్రోల్ మీట పట్టుకుని ఎఫ్ పన్నెండు రెండుసార్లు తడితే చాలు, వేగం పెరుగుతుంది. ఆవులు కాసుకునే మనిషికి ఏం తెలుస్తుంది? ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం సంతోషంగా ఉండింది.

కంప్యూటర్ ఉన్న గదిలోనే మంచం మీద నాయన పడుకుని ఉంటాడు. గని మూసేదాకా వైండింగ్ ఇంజన్ డ్రైవరు. మనుషుల్ని గనిలోకి దించే ఇనుప బోను లాంటి కేజీ, పైకి ఎత్తే రాయి, రెండూ ఆయన చేతిలోనే నడిచాయి. ఇప్పుడు చూపు మందగించింది, గోడవైపు తిరిగి పడుకుంటాడు. వారమంతా ఆటలోని లిఫ్టు టిక్కుటిక్కుమని దిగుతుంటే ఆయన నిద్రపోతున్నాడనే అనుకున్నాను.

ఆదివారం అక్క సంచెడు మామిడిపళ్లతో వచ్చింది. ముందు నేను ఆడాను. ఆరువేల నాలుగొందలు. అక్క ముఖం కొంచెం వాడింది. పండు తిన్న చేతులు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్లగానే రెండుసార్లు తట్టాను. వచ్చి కూర్చుంది. లిఫ్టు గబగబా టిక్కుటిక్కుమంటూ దిగడం మొదలైంది. గోడవైపు నుంచే నాయన మాట వినబడింది.

"ఏమప్పా, రాయిని ఎత్తే స్పీడులో మనిషిని దించతా ఉండావే. లోపల మీ అక్క ఉండాది."

ఇంజన్ దగ్గర కూర్చున్నవాడికి కేజీలో ఏముందో కనబడదు. కింది నుంచి కొట్టే గంటను బట్టి తెలుసుకోవాలి. రాయి అయితే వేగంగా లాగొచ్చు, మనుషులుంటే తగ్గించాలి. ఆయన బతుకంతా ఆ ఒక్క జాగ్రత్తతోనే గడిచింది. వేగం తగ్గించి, అక్క తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను.

అక్క తిట్టలేదు. తుడుచుకున్న చేతులనే కొంగుతో మళ్లీ తుడుచుకుంది.

"ఆ పొద్దు సెంటర్లో కంప్యూటర్ ముందర టర్బో బటన్ ఒకటుండె. నొక్కితే స్పీడు పెరిగేది. నీ వంతు వచ్చినప్పుడంతా నొక్కినాను."

నాది ఒక్క పూట మోసం, నీది ముప్పై ఏళ్ల మోసం అన్నాను. అప్పుడు తను చిన్నపిల్లనని, నేను ఇప్పుడు నలభై నాలుగేళ్ల దున్నపోతునని అక్క అంది. గొంతులు పెరిగాయి. తెరమీద మనిషి రాయి కింద పడి చచ్చినా ఇద్దరం చూడలేదు.

నాయన మెల్లగా మావైపు తిరిగాడు.

"మీ ఇద్దర్లో ఒకర్ని కూడా నేను ఇంజన్ ముందర కూసోనిచ్చుండను."

ఆయన నోటి నుంచి ఇంతకంటే పెద్ద తిట్టు మేమెప్పుడూ వినలేదు.