రికార్డు రూం అమ్మ అడిగిన ప్రశ్నలు

మొన్న మంగళవారం పొద్దున ఉప్పల్ మెట్రో మెట్లు ఎక్కుతుండగా ఫోన్ మోగింది. రికార్డు రూం అమ్మ కూతురు. "అక్కా, అమ్మ పోయింది. తెల్లారంగ, నిద్రలనే," అంది. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. "ఎన్ని గంటలకు?" అన్నాను. అడిగాక నా మీద నాకే సిగ్గేసింది. ఆ అమ్మాయి మాత్రం ఏడుపులోనే చిన్నగా నవ్వి, "అమ్మ ఉంటే గిదే అడుగుతుండె," అంది.

ఆమె నాకు బంధువు కాదు. నాచారం వైపు ఒక సర్కారు ఆఫీసులో జనన మరణాల రిజిస్టర్లు దాచే గది ఆమె చేతిలో ఉండేది. ఆ రిజిస్టర్లను స్కాన్ చేసి క్లౌడ్‌లో పెట్టే పని మా కాంట్రాక్టు బృందానిది. నేను భీమవరం నుంచి ఈ ఊరొచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. జీవితమంతా కాగితాల మధ్య గడిపిన మనిషి, మా యంత్రాలను చూసి ముఖం ముడుచుకుంటుందేమో అనుకున్నాం. ఆమె స్టూలు లాక్కొచ్చి నా పక్కనే కూర్చుంది.

"బిడ్డా, గీ ఫోటోలు ఏడికి పోతయి?"

"క్లౌడ్‌లోకి వెళ్తాయమ్మా."

"మబ్బుల పెడ్తరా? సక్కగ జెప్పు. ఏదో ఒక ఊర్లె, ఏదో ఒక బిల్డింగుల, ఏదో ఒక పెట్టెలనే ఉంటయి గదా?"

అంతకుముందు ఆ పెట్టె గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. మేనేజరును కనుక్కుని మర్నాడు చెప్పాను. ఒకటి ఈ నగరం శివార్లలో ఉంటుందని, దాని నకలు వేరే రాష్ట్రంలో ఉంటుందని. "రెండు తావుల పెట్టిన్రా? మంచి పని జేసిన్రు," అని మెచ్చుకుని, ఆ ఊపులోనే, "మరి రెండోది మంచిగున్నదో లేదో ఎవరు తెరిసి సూస్తరు?" అంది.

ఇంకోరోజు బీరువాల్లో ఎండు వేపాకు మారుస్తూ అడిగింది: "నేను రిటైరైతే ఈ తాళంచెవి కొత్తామెకిచ్చి సంతకం తీసుకుంట. నువ్వు పని ఇడిసిపెట్టి పోతే ఎవరికేమిస్తవు?" అప్పటికి అసలు పాస్‌వర్డు నాకొక్కదానికే తెలుసు. ఆ వారమే ఇద్దరు అధికారుల సంతకాలతో కవరులో పెట్టి అప్పగించాం.

ఆ తర్వాత కొన్ని నెలలకు జవహర్‌నగర్ నుంచి ఒకామె వచ్చింది. కూతుర్ని కాలేజీలో చేర్చడానికి బర్త్ సర్టిఫికెట్ కావాలంది. కంప్యూటర్‌లో పేజీ తెరిచాను. పుట్టిన తేదీ ఉంది, తల్లిదండ్రుల పేర్లున్నాయి, బిడ్డ పేరు రాసే గడి మాత్రం ఖాళీ.

"పేరు ఎక్కించలేదండీ. కొత్తగా అర్జీ పెట్టుకోవాలి," అన్నాను.

"ఎక్కిచ్చినం మేడం. పిల్ల బడిల చేరేటప్పుడు మా ఆయన ఈడికే వచ్చి ఎక్కిచ్చిండు," అంది ఆమె.

నేను తెర వైపే చూస్తున్నాను. అమ్మ లేచింది. స్కానింగ్ అయిన రిజిస్టర్లన్నీ మూటలు కట్టి గోడవారన పెట్టి ఉన్నాయి. మర్నాడు పొద్దున లారీ వచ్చి వాటిని అన్నోజిగూడ దాటాక ఉన్న ఒక గోదాముకు తీసుకెళ్తుంది. అక్కడికి చేరిన మూటను మళ్లీ విప్పడం ఎవరూ చూడలేదు. అమ్మ ఆ పిల్ల పుట్టిన ఏడాది రిజిస్టరు వెతికి పట్టుకుని, పేజీ తీసి, వెనక్కి తిప్పింది. ఎర్ర సిరాతో పిల్ల పేరు, తేదీ, అధికారి సంతకం. గడిలో చోటు చాలక, ఆలస్యంగా వచ్చిన పేర్లన్నీ అప్పటి గుమాస్తా వెనకపక్క రాసుకుంటూ పోయాడు.

తల్లి ఊపిరి పీల్చుకుంది. నా చూపు మాత్రం గోడవారన ఉన్న మూటల మీదికి పోయింది. ఆ మూటల్లో ఉన్నవన్నీ మేం ఒకవైపే స్కాన్ చేశాం. పూర్తయిందని సంతకం పెట్టింది నేనే.

ఆమె వెళ్లాక, "ఇప్పుడేం చేయాలమ్మా?" అన్నాను.

"నన్నెందుకడుగుతవు? పెద్దసారు మీదనే ఉన్నడు."

"నా ఉద్యోగం పోతుందేమో."

"పోవచ్చు," అంది దాపరికం లేకుండా. ఆ పేజీ నా వైపు తిప్పి, "గని బిడ్డా, గీ ఎర్ర సిరాల ఎంతమంది పిల్లలున్నరో! వాళ్లకెవ్వరికీ తెల్వది. నీకు తెలిసింది," అంది.

మెట్లెక్కి వెళ్లి చెప్పాను. పెద్దసారు నిలబెట్టి చీవాట్లు పెట్టారు. లారీ ఆగింది, ఉద్యోగం నిలిచింది, వెనకపక్కలన్నీ మళ్లీ స్కాన్ చేయడానికి ఆదివారాలు పోయాయి. ఎవరూ పిలవకుండానే అమ్మ కూడా ఆదివారాలు వచ్చేది. చేతులు కడుక్కుని, అందుకోసమే ఉంచుకున్న పాత తువ్వాలుకు తుడుచుకుని, పేజీలు తిప్పేది. తిప్పుతూ, "సూడు, ఈ ఏడాదిల ఆడపిల్లలకు మస్తుమందికి ఒకటే పేరు వెట్టిన్రు. ఏం సినిమా వచ్చిందో!" అని నవ్వేది. నేను తప్పు దిద్దుకుంటున్నానన్న బరువుతో వంగి కూర్చుంటే, ఆమె కథల పుస్తకం చదువుతున్నట్టు ఉండేది.

ఆ పని అయిపోయేనాటికి ఆమె రిటైరైంది. వెంటనే నాకు ఫోన్ చేసి, "గా పెట్టెలున్న బిల్డింగు సూపియ్యి," అంది. రెండు బస్సులు మారి వెళ్లాం. కిటికీలు లేని పొడుగాటి బూడిదరంగు గోడ. లోపలికి వెళ్లనివ్వనన్నాడు గార్డు. అమ్మ అక్కడే మొదలుపెట్టింది.

"కరెంటు పోతే?"

"జనరేటర్లున్నయమ్మా."

"డీజిలైపోతే?"

"ట్యాంకరొస్తది."

"తొవ్వల నీళ్లు నిలిచి ట్యాంకర్ రాకపోతే?"

గార్డు నవ్వి, తన కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు. గోడకు అరచెయ్యి ఆనించి, లోపలి హోరు వింది. "లోపల చల్లగ ఉంచుతరంట. మన రిజిస్టర్లకు ఎన్నడన్న ఒక్క ఫ్యాన్ వేసినమా!" అంది. తిరుగు బస్సులో దారంతా అదే మాట.

ఇప్పుడు నేను మరో ఆఫీసులో ఇదే పని చేస్తున్నాను. మూడు నెలలకోసారి, ఎవరూ అడగకపోయినా, రెండో నకలు నుంచి కొన్ని ఫైళ్లు వెనక్కి తెప్పించి తెరిచి చూస్తాను. ఒకసారి రెండు ఫైళ్లు తెరుచుకోలేదు. అసలు కాపీ బాగుండగానే తెలిసింది కాబట్టి మళ్లీ పెట్టుకోగలిగాం. ఆ సంగతి ఫోన్లో చెబితే అమ్మ నన్ను మెచ్చుకోలేదు. "ఎందుకు తెరుచుకోలే?" అని అరగంట ప్రాణం తీసింది.

పోయిన నెల దవాఖానలో చివరిసారి చూశాను. గుండె బలహీనపడి, మాట్లాడితే ఆయాసం వస్తోంది. మంచం పక్కన మానిటర్ మీద ఆకుపచ్చ గీతలు కదులుతున్నాయి. సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సు చెయ్యి పట్టుకుని ఆపి, ఒక్కో మాటే కూడబలుక్కుని అడిగింది:

"బిడ్డా... గీ గీతలన్నీ... ఏడ రాసి పెడ్తరు?"

నర్సు తెరను చూసింది, నన్ను చూసింది. "ఏమో అమ్మా, నేనెన్నడు సూడలే," అంటూ వంగి, మానిటర్ వెనక వైర్లు ఎక్కడికి పోతున్నాయో వెతకసాగింది. అమ్మ దిండు మీంచి తల ఎత్తి, కళ్లద్దాలు సర్దుకుని, నర్సు భుజం మీదుగా తొంగి చూస్తోంది.