కొలబద్ద కుడికాలు

అతను చేసే పని నడవడం. ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే అదే మాట చెప్పేవాడు. విన్నవాళ్లు నవ్వితే తనూ నవ్వేవాడు. "మేమూ రోజూ నడుస్తూనే ఉన్నాం, మాకెవరూ జీతమివ్వరే" అని పక్కింటాయన ఓసారి దెప్పితే, "మీరు మీ ఇష్టమొచ్చినట్టు నడుస్తారు. నేను ఒక్కలాగే నడుస్తాను" అన్నాడు.

అంతకుముందు ఇరవై ఏడేళ్లు సర్వేయర్ల వెంట కొలత గొలుసు లాగాడు. లాగి లాగి, అడుగు ఎంత దూరం పడాలో ఆ కాలికే తెలిసిపోయింది. గొలుసు వెయ్యడానికి వీలుకాని చోట సర్వేయరు, "నువ్వు నడిచి చెప్పవయ్యా, తర్వాత చూద్దాం" అనేవాడు. తర్వాత చూస్తే జానెడు తేడా కూడా ఉండేది కాదు. కొలబద్ద అనే పేరు అక్కడే పడింది. గొలుసుల కాలం పోయాక ఆ పేరే అతనికి ఈ ఉద్యోగం తెచ్చిపెట్టింది. పదకొండేళ్లుగా ఒక కంపెనీవాళ్ల పాత గిడ్డంగిలో, నేలమీద పసుపు రంగుతో గీసిన గీత వెంట నడుస్తున్నాడు.

నడిచేటప్పుడు కుడి బూటుకి అగ్గిపెట్టెంత పెట్టె కట్టి ఉంటుంది. మంటలంటుకున్న భవనాల్లోకి, లోతైన నేలమాళిగల్లోకి వెళ్లే మనుషుల కోసం చేస్తున్న పెట్టె అది. అక్కడికి ఉపగ్రహ సంకేతాలు అందవు. లోపలి మనిషి ఎక్కడున్నాడో బయటివాళ్లకు ఈ పెట్టే చెప్పాలి. దానికి కళ్లు లేవు. ఎంత వేగం పుంజుకుంటున్నానో, ఎటు తిరుగుతున్నానో మాత్రమే తెలుస్తుంది. వాటిని కూడుకుంటూ పోయి తన చోటు తానే లెక్కకడుతుంది. కళ్లు మూసుకుని ఇంట్లో తిరిగినట్టే, గోరంత తప్పు కాసేపటికి కొండంత అవుతుంది.

"దానికి మందు మీ పాదమే బాబాయ్" అని ఇంజనీరమ్మాయి చేరిన కొత్తలోనే చెప్పింది. పెట్టెలోని లెక్క ఆమెది, రెండేళ్ల కష్టం. "ప్రతి అడుగులోనూ పాదం నేలమీద రెప్పపాటు ఆగుతుంది చూడండి. ఆ రెప్పపాటులో పెట్టెకి తను కదలడం లేదని తెలుస్తుంది. అప్పటిదాకా పోగైన తప్పంతా తుడిచేసుకుంటుంది."

"అంటే నేను నడిచినందుక్కాదు, ఆగినందుకు జీతమన్నమాట" అన్నాడతను. ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది.

నాలుగు వారాల క్రితం అతను ఇంటి మెట్లు దిగుతూ, మెట్లు అయిపోయాయనుకుని కాలు మోపాడు. ఇంకొకటి ఉంది. లోకాన్నంతా అడుగులతో కొలిచిన మనిషి సొంత గుమ్మం ముందు ఒక్క మెట్టు లెక్క తప్పాడు. కుడి మోకాలు మెలిక పడింది. వాపు తగ్గినా నొప్పి తగ్గలేదు. మడమ నిలకడగా ఆనడం మానేసి, ఆనీ ఆనకుండానే ముందుకు జారిపోతోంది. అతను అందరికంటే ముందే వచ్చి, మోకాలికి గట్టిగా కట్టు కట్టుకుని, పైన ప్యాంటు సర్దుకునేవాడు. అడుగు పొడవు చెడకుండా పళ్లు బిగించి నడిచేవాడు. చూసేవాళ్లకు ఏమీ తెలిసేది కాదు.

పెట్టెకి మాత్రం తెలిసిపోయింది. పది చుట్లు తిరిగి అతను మొదలుపెట్టిన గుర్తు మీదికే వచ్చి నిలబడితే, కంప్యూటరు తెర మీద అతని చోటు చూపే చుక్క రెండు మీటర్ల అవతల కనబడింది.

"గోడలోకి దూరిపోయారు బాబాయ్" అంది ఆ అమ్మాయి. మొదటిరోజు అది వేళాకోళమే. వారం తిరిగేసరికి ఆ మాటలో నవ్వు లేదు. పెట్టె మార్చింది. పట్టీ మార్చింది. గిడ్డంగి వేడి కొలిచింది. మనిషిని మార్చి చూడాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. కొలబద్దను ఎవరు కొలుస్తారు?

ఒక్కసారి మాత్రం, "పోనీ ఎడమకాలికి కట్టి చూద్దామా?" అని ఆమె అడిగింది.

అతను ప్యాంటు అంచు కిందికి లాక్కున్నాడు. "ఇన్నేళ్ల లెక్కలన్నీ కుడికాలివే కదమ్మా. ఇప్పుడు మారిస్తే దేంతో పోల్చుకుంటావు?"

"అదీ నిజమే" అని ఊరుకుందామె. తేలు కుట్టిన దొంగలా అతనూ ఊరుకున్నాడు.

ఇంట్లో ఆ ఆట సాగలేదు. అతని భార్య మిషను మీద బట్టలు కుడుతుంది, మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. గురువారం సాయంత్రం బూట్లు రెండూ తిరగేసి అతని ముందు పెట్టింది. కుడిదాని మడమ ఒక పక్కకు అరిగిపోయింది.

"ఇంకా ఎన్నాళ్లండీ?"

"తగ్గిపోతుందిలే."

"నెల నుంచీ తగ్గుతూనే ఉంది. ఆ పిల్లకి చెప్పారా?"

"చెప్తే ఇంటికి పొమ్మంటారు. ఇంట్లో కూర్చుని ఏం కొలవమంటావు, గుమ్మానికీ మంచానికీ మధ్య దూరమా?"

"రేపు మీ మేనేజరు తేల్చేస్తారన్నారుగా. పెట్టెలో అవతలి కంపెనీవాళ్ల లెక్క పెట్టి ఆ పిల్లది తీసి పారేస్తే మీ మోకాలు బాగుపడుతుందా?"

అతను బూట్లు తీసి గుమ్మం పక్కన పెట్టాడు. మిషను చప్పుడు మొదలైంది.

శుక్రవారం ఉదయం మేనేజరు రావడానికి ఇంకా గంట ఉంది. ఇంజనీరమ్మాయి బల్ల ముందు కూర్చుని తన కాగితాలు సర్దుకుంటోంది, ఖాళీ చేసి వెళ్లిపోయేవాళ్లు సర్దుకున్నట్టు. అతను వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బూటు విప్పి బల్లమీద పెట్టాడు. ప్యాంటు పైకి మడిచి కట్టు విప్పాడు.

ఆమె బూటు వంకా, మోకాలి వంకా చూసింది. "ఎప్పట్నుంచి?"

"తప్పులు మొదలైన రోజు నుంచే."

ఆమె చేతిలోని కాగితాలు బల్లమీద పెట్టేసింది. "నాలుగు వారాలు" అంది. "నా లెక్కలో తప్పెక్కడుందా అని ప్రతి వరుసా తిరగేసుకున్నాను. ఎడమకాలికి కడదామని అడిగాను కూడా."

"అడిగావు."

"మీరు నా మొహం చూస్తూనే వద్దన్నారు."

అతను తల దించుకున్నాడు. ఆమె లేచి పెట్టెను అతని ఎడమ బూటుకి తనే కట్టింది. ఎడమకాలు నిబ్బరంగా ఆనింది. పది చుట్లు తిరిగేసరికి చుక్క గుర్తుకు బెత్తెడు దూరంలో ఆగింది.

మేనేజరు వచ్చాక ఆమె చెప్పింది, "తప్పు ఈయన మోకాల్లో ఉంది సార్."

"మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకమ్మా" అన్నాడాయన. ఆయనది నున్నటి బట్టతల. ఇంకో రోజైతే అతనూ ఆ అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూడకుండా నవ్వాపుకునేవాళ్లు. ఆమె తెర చూపించింది. ఆయన చూసి తేలిగ్గా ఊపిరి వదిలాడు. "అయితే నీ లెక్క బాగానే ఉందిగా. నడిచే మనిషిని మార్చెయ్. అయిపోయింది."

"అయిపోలేదు సార్" అందామె. "పొగలో ఉన్న మనిషికి కాలు బెణికితే? వాడి కోసం వెతికేది అప్పుడే కదా. మన పెట్టె వాణ్ని గోడ అవతల చూపిస్తుంది."

"అంటే నీ లెక్క పనికిరాదని నువ్వే చెప్తున్నావు."

"కుంటేవాడికి పనికిరాదు."

మేనేజరు ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. "అగ్నిమాపకం వాళ్లతో పరీక్ష వచ్చే నెలలో ఉంది. అప్పటిదాకా చూస్తాను. అప్పటికీ కుదరకపోతే అవతలివాళ్ల లెక్కే. ఈయన సంగతీ అప్పుడే" అని వెళ్లిపోయాడు.

ఆమె పెట్టెను విప్పి కుడి బూటుకి మార్చింది. "కట్టు లేకుండా నడవండి. దాచకండి. ఎలా వస్తే అలా. ఆ కుంటే నడక కూడా పెట్టెకి నేర్పాలి."

నాలుగు వారాల్లో మొదటిసారి అతను మోకాలి మాట విన్నాడు. మడమ నేలను రాసుకుంటున్న చప్పుడు ఖాళీ గిడ్డంగి అంతటా వినిపించింది. ఆ చప్పుడు తనదేనా అని అతనికే సిగ్గేసింది. తెర మీద చుక్క మొదటి చుట్టులోనే గీత దాటి పక్కకు పోయింది. ఆమె అది రాసుకుంది.

నాలుగో చుట్టులో తల ఎత్తకుండానే, "నొప్పి ఎక్కువైతే ఆగండి" అంది.

ఆ మాట వెనక రోజూ వచ్చే 'బాబాయ్' కోసం అతను నాలుగడుగులు ఎదురుచూశాడు. రాలేదు. మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి, పసుపు గీత మీద మళ్లీ కుడికాలు వేశాడు.