ఒంటిగంట కూత

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుదురు లేనివి రెండే ఉండేవి. ఒకటి మూత సరిగ్గా పట్టని ప్రెషర్ కుక్కరు, రెండోది నేను. మూడు విజిళ్ళు వేశాక కుక్కరు కింద మంటైనా ఆర్పేవారు. నాకు ఆ సదుపాయం లేదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చి రెండో ముద్ద తినేదాన్ని.

దీనికంతటికీ కారణం నాది మిథునరాశి కావడమేనని ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు. మిథునం వాయుతత్త్వం, అంటే గాలి. మా నాన్నది సింహం, అగ్ని. అమ్మ ఒక్క చూపు చూస్తే ఆరిపోయే అగ్ని. అమ్మది కర్కాటకం, నీరు. టీవీలో సీరియల్ మొదలైతే ఆ నీరు అందరికీ కనిపించేది. మాతోనే ఉండే తాతయ్యది, అంటే అమ్మ వాళ్ళ నాన్నది, కన్యారాశి, భూమి. రిటైరయ్యాక టీకొట్టుకి వెళ్ళడానికి తప్ప ఆయన అరుగు దిగినట్టు నాకు గుర్తులేదు. కాబట్టి శాస్త్రాన్ని కాదనడానికి మా దగ్గర ఆధారాలేమీ లేవు.

మా ఊరు అనకాపల్లికి ఆటోలో అరగంట. ఊరి బడి ఐదో తరగతితో అయిపోతుంది. ఆరో తరగతికి నాకు గురుకులంలో సీటొచ్చింది. సోమవారం చేరాలి. ట్రంకు పెట్టె మీద నా పేరు రాయించారు, బట్టలు సర్దారు. ఆదివారం పొద్దున్న బయల్దేరే ఘడియ కోసం అమ్మ పంతులుగారిని పిలిచింది. ఆయన నా జాతకం చూసి, ఘడియ సంగతి పక్కన పెట్టి నా సంగతి ఎత్తుకున్నారు.

"గాలిని పెట్టెలో పెట్టి తాళం వేస్తానంటారేమిటమ్మా? నెల తిరక్కుండా గోడ దూకి వచ్చేస్తుంది. కాస్త ముందు పుట్టుంటే రాశే వేరయ్యేది."

అంతకుముందు ఎండాకాలం పదిరోజులుంటానని అత్త ఇంటికెళ్ళి, రెండోరోజే బస్సెక్కి ఒంటరిగా తిరిగొచ్చిన చరిత్ర నాది. అమ్మ పెట్టె మూత తెరిచి బట్టలు ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టింది. నేను వెళ్తానని ఏడ్చాను, ఉంటానని ఒట్టేశాను. కాకపోతే ఇదంతా ఇల్లంతా గిరగిరా తిరుగుతూ చెయ్యడం వల్ల నా వాదనకు బలం రాలేదు. లోపల అసలు భయం వేరే. పంతులుగారు చెప్పింది నిజమేమోనని.

అప్పుడు తాతయ్య అరుగు దిగి లోపలికొచ్చాడు.

తాతయ్య ఉద్యోగం గురించి ఇక్కడ చెప్పాలి. ఊరి పక్కనున్న చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు కూత వెయ్యడం ఆయన పని. చుట్టుపక్కల ఊళ్ళు ఆ కూత విని గడియారాలు సరిచేసుకునేవి. నేను పుట్టింది ఇంట్లోనే. ఆ రోజు గోడ గడియారం ఆగిపోయి ఉండటంతో, సరిగ్గా రెండు గంటల కూత వినబడుతుండగా పుట్టానని అమ్మమ్మ గుర్తుపెట్టుకుంది. నా జాతకం మొత్తం ఆ కూత మీదే నిలబడింది.

"పంతులుగారూ, ఓ తప్పు ఇన్నాళ్ళూ దాసేను" అన్నాడు తాతయ్య, తల వంచుకుని. "ఆ రోజు రెండు గంటల కూత ఒంటిగంటకే ఏసేసేను. కూతురికి నొప్పులొత్తన్నాయని కబురొచ్చింది. గడియారం సూత్తే రెండులాగే కనబడింది."

ఆ రోజు అమ్మకు టైము చూసుకునే తీరిక లేదు కాబట్టి కాదనలేకపోయింది. పంతులుగారు పాత పంచాంగం తెప్పించుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెట్టి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"చంద్రుడు మిథునంలోకి వచ్చింది ఒకటిన్నరకి. ఒంటిగంటంటే ఇంకా వృషభమే. నక్షత్రం మృగశిరే, అది మారదు. రాశి మారింది. భూతత్త్వం! ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది."

"మరి సెలవులకైనా వత్తాదా, పంతులుగారూ?" అంది అమ్మ కంగారుగా.

బట్టలు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళాయి.

హాస్టల్లో మొదటివారం మూడుసార్లు గోడ దగ్గరికెళ్ళాను. పెద్ద ఎత్తేం కాదు, నా అనుభవానికి చాలా తేలిక. మూడుసార్లూ "నేను భూమిని" అనుకుని వెనక్కి వచ్చేశాను. చదువుకునే వేళ కాళ్ళు ఊరికే ఊగేవి. భూమికి కూడా అప్పుడప్పుడు కంపాలొస్తాయి కదా అని నాకు నేను మినహాయింపు ఇచ్చుకున్నాను. దసరా సెలవులకి వచ్చేసరికి రోజులు లెక్కపెట్టడం మానేశాను.

ఈలోగా తాతయ్య తప్పు ఊరంతా పాకింది. "ఏటి మావా, టైమెంతయింది? నీ లెక్క సెప్తావా, మా లెక్కా?" అని టీకొట్టు దగ్గర అందరూ ఆడుకునేవారు. ఆయన నవ్వి గ్లాసు అందుకునేవాడు. ఐదేళ్ళు అలాగే నవ్వాడు.

నేను పది పాసయ్యానని తెలిసి, తాతయ్యతో బాయిలర్ దగ్గర పనిచేసిన ఒకాయన చూడ్డానికొచ్చాడు. దారిలో టీకొట్టు దగ్గర ఈ ఎకసెక్కాలు విన్నాడట, మండిపడుతూ వచ్చాడు.

"ఎవుడన్నాడండీ ఒంటిగంటకేసేడని? ఆ రోజు నాను పక్కనే ఉన్నాను. కబురొచ్చినా సరే, రెండయ్యేదాకా కదల్లేదు ఈ మనిషి. ఉద్దోగం మొత్తంలో ఒక్క నిమిషం తప్పలేదు!"

అమ్మ వంటింట్లో ఉంది కాబట్టి వినలేదు. ఆయన వెళ్ళాక నేను తాతయ్య ఎదురుగా నిలబడ్డాను. నేను కదలకుండా నిలబడటం చూసి ఆయనకే భయం వేసినట్టుంది.

"సెంద్రుణ్ణి జరపడం నా వల్ల కాదు గదే, గుంటా" అన్నాడు చివరికి. "కూతైతే నా సేతిలోదే."

ఇప్పుడు నేను పరవాడలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. పది నిమిషాలకోసారి కుర్చీలోంచి లేస్తాను. ఉగాదికి రెండు రాశుల ఫలాలూ చదివి, ఏది బాగుంటే అది నాదనుకుంటాను. అంటే ఆ మిథునం ఎక్కడికీ పోలేదు. కానీ ఏ పనిలోంచీ మధ్యలో గోడ దూకి రాలేదు.

ఒక్కటి మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నాను. కంపెనీ బస్సుకి రోజూ ఐదు నిమిషాల ముందే నిలబడతాను. ఇచ్చిన మాట తప్పను. తోటివాళ్ళు దీన్ని క్రమశిక్షణ అనుకుంటారు. అదేం కాదు. ఏదో ఒకరోజు ఏ పిల్ల కోసమో అబద్ధం చెప్పాల్సి వస్తే, పోగొట్టుకోవడానికి నాకూ కాస్త మంచి పేరు ఉండాలి కదా.