నూట ముప్పై ఒకటో రేకు

మా ఆడబిడ్డ నా మురుకుల గొట్టం తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదని నాలుగు దీపావళుల పాటు ఒక్క మాట మార్చకుండా చెప్పాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, సీమంతాల్లో చెప్పాను, ఒకసారి ఆమె కాలికి కట్టు కట్టించుకుంటుంటే పక్కన కూర్చుని కూడా చెప్పాను. అది మా అమ్మ నాకిచ్చిన ఇత్తడి గొట్టం. బిళ్ళలు ఐదు.

కిందటి దీపావళికి ముందు ఆమె వేలూరు నుంచి ఫోన్ చేసింది.

"నేను అప్పుడే ఇచ్చేసినాను వదినా. నువ్వు అన్నీ రాస్తావు కదా, అదీ రాసే ఉంటావు. తీసి చూడు. అందులో లేకపోతే నడిబజార్లో నీ కాళ్ళు పట్టుకుంటాను. ఉంటే మాత్రం నువ్వు నోరు తెరిచి ఒప్పుకోవాల."

నాకు సంతోషం వేసింది. పెళ్ళయి గుడియాత్తం వచ్చిన రోజు నుంచి నేను రోజూ రాస్తున్నాను: పాలు ఎన్ని లీటర్లు, ఎవరు వచ్చారు, ఏ గిన్నె ఎవరింటికి పోయింది. గొట్టం ఆమె తీసుకుపోయిన నాటి పేజీ నాకు కంఠతా వచ్చు. కంఠతా వచ్చు కాబట్టి ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు.

అటక మీద పదకొండు పుస్తకాలు ఉండాలి. ఎనిమిదే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. పోయిన మూడింటిలో ఆ గొట్టం నాటిదీ ఒకటి.

కోడలిని పిలిచాను. ఆమెది తిరుపత్తూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. గడగడా తెలుగు మాట్లాడుతుంది, రాసి చూపిస్తే ముగ్గును చూసినట్టు చూస్తుంది. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఫోన్లో వీడియోలు చూసి పనికిరాని సామాన్లతో అలంకారాలు చేయడం ఆమె సరదా. ఖాళీ సీసాలు దీపాలవుతాయి, చిరిగిన లుంగీలు తోరణాలవుతాయి. మా ఇంట్లో ఏ వస్తువైనా రెండు రోజులు కదలకుండా ఉంటే ప్రమాదం. నేను కూడా మధ్యాహ్నం నిద్ర తగ్గించాను.

"ఆ పాత పుస్తకాలా అత్తా? సుమ్మా, ఊరికే పడి ఉండాయి అనుకుంటిని. పండిన కాగితం, మీద నీలం గీతలు, ఎంత బాగుండాయో! పూలు చేసినాను."

"యాడ ఉండాయి ఆ పూలు?"

"వేలూరు చిన్నమ్మ గృహప్రవేశానికి ఇచ్చినాం కదా, గోడకు తగిలించేది. మీ చేత్తోనే ఇచ్చినారు."

నా సాక్ష్యాన్ని కత్తిరించి, మడిచి, ఎదుటి పక్షానికి, అంటే మా ఆడబిడ్డకే, నేనే కానుక ఇచ్చానన్నమాట.

మర్నాడు ఉదయం ఎనిమిదింపావు బస్సుకు కోడలితో వేలూరు పోయాను. హాల్లో సోఫా పైన గోడకు వేలాడుతోంది. ముప్పై ఆరు పూలు, పువ్వుకు ఆరు రేకులు, మొత్తం రెండు వందల పదహారు. సంగతి విని ఆడబిడ్డ కడుపు పట్టుకుని నవ్వింది.

"చదువుకో వదినా. ఒక్క రేకు చింపినావంటే మాత్రం ఊరుకోను. వచ్చినోళ్ళంతా దీన్నే మెచ్చుకుంటా ఉండారు."

స్టూలెక్కి చదవసాగాను. సగం రేకులు తలకిందులు. మెడ ఇటు వంచితే పాల లెక్క, అటు వంచితే చీమల మందు.

"దిగు వదినా, కాఫీ చల్లారిపోతా ఉండాది."

"పడిపోతారత్తా," అంటూ కోడలు స్టూలు పట్టుకుంది.

ఇరవై రెండో పువ్వు, ఐదో రేకు. అంటే నూట ముప్పై ఒకటోది. అక్కడ ఆగాను.

"ఏం రాసుండాది?" అంది ఆడబిడ్డ.

ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. నేను కందిపప్పు లెక్క అంటే అది కందిపప్పు లెక్కే. నాలుగేళ్ళ నా మాట నిలబడాలంటే ఆ ఒక్క మాట చాలు. కానీ తప్పు లెక్క నేను ఎన్నడూ రాయలేదు, రాసినదాన్ని తప్పుగా చదవడమూ చేతకాలేదు.

"గురువారం. ఆడబిడ్డ వచ్చి మురుకుల గొట్టం ఇచ్చి పోయినది. అటక మీద పెట్టినాను. బిళ్ళలు నాలుగే. నక్షత్రం బిళ్ళ రాలేదు."

"ఇంకోసారి చదువు వదినా."

చదివాను.

"ఇంకోసారి. మొదటి ముక్క చాలు, నక్షత్రం వద్దు."

అంతలో కోడలు స్టూలు వదిలేసింది. "అత్తా, ఇత్తడిదా? రెండు పక్కలా పిడి ఉండేదా?"

"అవును."

"అది టీవీ పక్కన ఉండాది. తాడు చుట్టి, ప్లాస్టిక్ పూలు పెట్టినాను."

ఆ పూలకుండీని నేను ప్రతి శుక్రవారం నా చేత్తో తుడుస్తున్నాను.

నలుగురిలో కాకపోయినా, స్టూలు మీదే నిలబడి నోరు తెరిచి ఒప్పుకున్నాను. ఆడబిడ్డ నవ్వుతూ దేవుడి గదిలోకి పోయి నక్షత్రం బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని చిల్లులో సగం కాలిన ఊదుబత్తి ఇంకా గుచ్చే ఉంది.

"దీనికి ఎంత సరిగ్గా సరిపోయిందో చూడు," అంది.

గొట్టానికి చుట్టిన తాడు పదకొండు మూరలు వచ్చింది. నాలుగుసార్లు వేడినీళ్ళలో నానబెడితే గాని జిగురు వదల్లేదు. మొదటి వాయి మురుకులు వేలూరు పంపాను. ఇంకా జిగురు వాసన వస్తా ఉండాదని ఆడబిడ్డ ఫోన్ చేసింది. అదీ రాసిపెట్టాను. మిగిలిన ఎనిమిది పుస్తకాల అట్టల మీద మాత్రం "కత్తిరించకూడదు" అని తమిళంలో, కోడలి చేతనే రాయించాను.