తెలియనిది పట్టుకుని రండి

మా సెమినార్ సార్ పోయారని పోయిన వారం సూరత్‌లోని అడాజన్ నుంచి పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. ఆసుపత్రిలో కూడా సెలైన్ చుక్కల లెక్క మీద నర్సమ్మతో వాదన పెట్టుకున్నారట. ఏడవాల్సిన చోట నాకు ముందు నవ్వొచ్చింది. ఏడుపు తర్వాత తీరిగ్గా వచ్చింది.

తొంభైల్లో, సూరత్‌లో మేం చదివిన కాలేజీలో శనివారం మధ్యాహ్నాలు ఆనర్స్ సెమినార్ ఉండేది. ఒక్కో డిపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరేసి తెలివైనవాళ్ళని ఏరి ఒకే గదిలో కూర్చోబెట్టేవారు. కామర్స్ నుంచి నన్నెందుకు ఏరారో ఇప్పటికీ అర్థం కాదు. సార్‌ది కాకినాడ, చెప్పేది ఎకనామిక్స్. ఆయన నియమం ఒక్కటే: ఎవరూ సొంత సబ్జెక్టు మాట్లాడకూడదు. "తెలిసింది చెప్పుకోడానికి మీ డిపార్ట్‌మెంట్లున్నాయి. ఇక్కడికి తెలియనిది పట్టుకుని రండి," అనేవారు. ఫిజిక్స్ కుర్రాడు బీమా గురించి నోటికొచ్చింది చెబుతుంటే నేను పది నిమిషాలు నోరు మూసుకుని వినాలి. అంత పెద్ద శిక్ష నేను మళ్ళీ ఎక్కడా అనుభవించలేదు.

తెలంగాణ నుంచి వలసొచ్చిన మా నాన్న, సూరత్‌లోనే గోడాదరా పేటలో పవర్‌లూమ్ మగ్గం నడిపేవాడు. మార్కులు రాని క్లాసుకు శనివారాలు తగలేస్తున్నానని తెలిసి, షిఫ్టు దిగి నేరుగా కాలేజీకొచ్చాడు.

"సారూ, పిల్ల పేరు తీసెయ్యుండ్రి. మార్కులు లేని సదువు మాకెందుకు?"

అలాగేనండి, క్లాసయ్యేదాకా కూర్చోండి అన్నారు సార్. ఆ రోజు హిస్టరీ అమ్మాయి మగ్గం గురించి చెబుతోంది. దారం తెగగానే కరెంటు పోతుంది కాబట్టి మగ్గం ఆగుతుందంది. ఫిజిక్స్ కుర్రాడు పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు. నాన్న వల్ల కాలేదు. లేచి సుద్దముక్క లాక్కుని బోర్డు మీద, మగ్గంలో దారాన్ని కనిపెట్టి ఉండే చిన్న ఫోర్కు గీశాడు. దారం ఉన్నంతసేపూ ఫోర్కును నెడుతుంది, దారం లేకపోతే ఫోర్కు కదలదు, కొక్కేనికి చిక్కుతుంది, మగ్గం ఆగుతుంది, అంతే. ఇదంతా హిందీలో, మగ్గాల చప్పుడు మీద అరిచే గొంతుతో. పక్క గదిలోని సంస్కృతం మేడమ్ గొడవ జరుగుతోందనుకుని ప్యూన్‌ని వెంటబెట్టుకొచ్చింది.

అందరం చప్పట్లు కొట్టాం. సార్ ముఖం మాత్రం గంభీరంగా పెట్టారు.

"బాగా చెప్పారండి. కానీ సొంత సబ్జెక్టు మాట్లాడేశారు. వచ్చే శనివారం చంద్రగ్రహణం గురించి చెప్పి ఆ తప్పు దిద్దుకోవాలి."

ఆ వారమంతా మా ఇంట్లో టార్చిలైటు, నిమ్మకాయ, గ్రహణాలే. అన్నం దగ్గర కూడా నాచేత పాఠం చెప్పించుకునేవాడు నాన్న. పేరు కొట్టేయించే మాట ఎత్తలేదు గానీ, మానుకున్నానని కూడా అనలేదు. నాకు లోపల భయంగానే ఉండేది.

శనివారం బాగానే గట్టెక్కాడు. చివర్లో సార్ అడిగారు, గ్రహణం పట్టినప్పుడు చంద్రుడి మీద నిలబడ్డవాడికి ఏం కనిపిస్తుందని. నాన్న నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"తెల్వది సారూ," అన్నాడు, అదే గొంతుతో.

"నాకూ తెలియదండి," అన్నారు సార్. ఆ ముఖంలో సంతోషం అంతా ఇంతా కాదు. తర్వాత హాజరుపట్టీ తెరిచి, నా పేరు చూపించి, నాన్న చేతికి పెన్నిచ్చారు. "తీసెయ్యమన్నారుగా. మీరే కొట్టెయ్యండి."

నాన్న నా పేరు మీద వేలు పెట్టాడు. దాని కిందే తన పేరు రాశాడు, తెలుగులో, కూడబలుక్కుంటూ.

ఏడాది పొడుగునా సార్ నా పేరు తర్వాత ఆ పేరు కూడా పిలిచేవారు. నాన్న గోడాదరాలో షిఫ్టులో ఉండేవాడు. సార్ పెన్ను అలాగే పట్టుకుని, కాసేపు తలుపు వైపు చూసేవారు.