మామ మేజోళ్ళు తొడిగిన ఎండాకాలం

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసి, "మోకాలు డాక్టరుకు చూపించావా లేదా?" అని అడిగింది. "రేపు చూద్దాంలేమ్మా, ఏముంది, కాస్త వాయువు చేసింది, అంతే" అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు, మా మామది. అక్షరం పొల్లు పోకుండా ఆయనదే. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు ఆరోగ్యసూత్రాలు బట్టీ పట్టించిన టీచరమ్మను, వీధికి రెండు ఆసుపత్రులున్న ప్రొద్దుటూరులో కాపురం ఉంటూ, మూడు నెలలుగా మోకాలికి బాము రుద్దుకుంటూ కూర్చున్నానంటే అది మేనమామ పోలిక కాక మరేమిటి? ముక్కూ మొహమూ మా నాన్నవి వచ్చాయి గానీ మొండితనం మాత్రం అటువైపుదే.

మా అమ్మకు ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన పెద్దమామ, చిన్నాయన ఒట్టి మామ. పులివెందుల పక్కన పల్లెలో ఇద్దరికీ చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్నాయి. మామ ధైర్యం గురించి ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. మోటారు మొరాయిస్తే పాడుబడ్డ బావిలోకి తాడు పట్టుకుని దిగేవాడు. పాము కనబడితే పక్కవాళ్ళు కర్ర వెతుక్కునేలోపు ఆయన తోక పట్టుకుని నిలబడి ఉండేవాడు. కరెంటాఫీసులో ఎంత పెద్ద సారు ముందైనా కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. అంతటి మనిషికి మెడలో గొట్టం వేసుకున్న డాక్టరు కనబడితే చాలు, ఎక్కడలేని పనులు గుర్తొచ్చేవి. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రోగాలు, వేడి చేయడం, వాయువు చేయడం. మొదటిదానికి మజ్జిగ, రెండోదానికి గోలీసోడా. ఈ రెండిటికీ లొంగకపోతే అది దిష్టి, దానికి మా అత్త చేతిలో ఎండు మిరపకాయలున్నాయి. "డాక్టరు సూడనంతవరకే మే మనిషికి రోగం ల్యాకుండా ఉండేది. సూసినాడంటే వాని సదువు కోసమన్నా ఏదో ఒకటి రాయాల గదా" అనేవాడు.

అయితే పైకి చెప్పుకునే కారణం ఇంకొకటుంది. అది పలకరింపు. మా వైపు ఒక మనిషి ఆసుపత్రిలో చేరాడంటే రోగం అతని సొంత వ్యవహారం కాదు. బంధువులు, బంధువుల బంధువులు, పక్క తోటవాళ్ళు, ఎప్పుడో ఒకసారి బస్సులో సీటిచ్చినవాళ్ళు, అందరూ వచ్చి పలకరించి పోవాల్సిందే. రాకపోతే ఆ మాట పెళ్ళిళ్ళలో, దినాలలో మూడు తరాలపాటు వినబడుతుంది. పెద్దమామకు ప్రొద్దుటూరులో కడుపు ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు జాతర జరిగింది. వచ్చినవాళ్ళు వట్టి చేతులతో రారు కదా, ఒక్కొక్కరూ ఒక బ్రెడ్డు పొట్లం. మనుషులు తినగా, ఆయాలకు పంచగా మిగిలిన బ్రెడ్డును ఊరికి తీసుకుపోతే బర్రెలు తిని, తర్వాత వారం రోజులు చొప్ప ముట్టలేదు. వచ్చినవాళ్ళు ఊరికే కూర్చుంటారా? సరిగ్గా ఇదే జబ్బుతో తమ ఊళ్ళో ఎవరెవరు ఎట్లా పోయారో వివరంగా చెప్పి, "నువ్వేం దిగులు పడొద్దప్పా" అని లేచేవారు. వాళ్ళందరికీ కాఫీలు కాచి కాచి మా పెద్దత్తకు జ్వరం తగిలింది. అదంతా చూసిన మామ, చచ్చినా సరే ఆసుపత్రి మంచం ఎక్కనని ఆనాడే తీర్మానించుకున్నానని చెప్పేవాడు. నేనూ అదే అసలు కారణమనుకున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట, వేసవి సెలవుల్లో, అత్త ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, ఎవరో వింటున్నట్టు చెప్పింది. "పాపా, మీ మామ మేజోళ్ళు తొడుగుతాండాడు." నేను నవ్వాను. అత్త నవ్వలేదు. "తోటకు పోయేటప్పుడు కూడా ఇప్పడంల్యా. కాలు సూపీమంటే అరుస్తాండాడు. వాసనొస్తాంది మే" అంది. పెళ్ళినాడు తప్ప చెప్పుల్లోకి సరిగా కాలు పెట్టని మనిషి, పులివెందుల ఎండల్లో, మేజోళ్ళు! మరుసటి రోజే బస్సెక్కాను.

మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కింద పంచె, పైన బనియను, కాళ్ళకు బడిపిల్లల తెల్ల మేజోళ్ళు. "ఏంది మామా ఈ వేషం?" అంటే, "కాళ్ళకు సలి పెడతాంది మే" అన్నాడు, నుదుటి చెమట తువ్వాలుతో తుడుచుకుంటూ. అత్తా నేనూ ఇద్దరం పట్టుకుని విప్పించాం. నెలన్నర కిందట కుడికాలి చిటికెన వేలి పక్కన చీనీ ముల్లు దిగిందట. పసుపు పెట్టాడు, ఏదో ఆకుపసరు పిండాడు, చివరికి మేజోడు తొడిగాడు. వేలు నల్లబడింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఏమిటో నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను గానీ కళ్ళారా చూడటం అదే మొదలు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నడక లేకపోతే ఆ మనిషి ఒక్కరోజు బతకడు. తెల్లవారకముందే తోటంతా ఒక చుట్టు తిరిగి, చెట్టు చెట్టునూ చేత్తో తాకనిదే ఆయనకు కాఫీ గొంతు దిగదు. ఆ కాలే పోతుందేమోనని నా భయం.

రాత్రి అన్నాల వేళ దాకా బతిమాలితే, చివరికి మూడు షరతుల మీద ఒప్పుకున్నాడు. ఊళ్ళో ఒక్కరికీ తెలియకూడదు. ప్రొద్దుటూరు వద్దు, అక్కడ ఏ ఆసుపత్రి వరండాలో చూసినా మనవాళ్ళే ఉంటారు. ఉత్త చూపించుకుని రావడమే, మంచం ఎక్కడం లేదు. జమ్మలమడుగులో నా దగ్గర చదువుకున్న అమ్మాయి డాక్టరుగా ఉంది, అక్కడికి పోదామన్నాను. "ఆడపిల్ల ముందర కాలు సాపేది యట్ల మే?" అని ఒక గంట మథనపడి, దానికీ సరేనన్నాడు. మరి ఊళ్ళో ఏం చెప్పాలి? అదీ ఆయనే ఆలోచించాడు. "గండికోట సూడను పోతాండామని చెప్పు. ఎవురికీ అనుమానం రాదు."

అరవై ఏళ్ళు దాటాక ఒక్కసారిగా గండికోట చూడాలనిపించిన మనిషి మీద అనుమానం రాకపోవచ్చు గానీ, ప్రేమ ముంచుకొస్తుందని మేము ఊహించలేదు. పొద్దున్నే బాడుగ జీపు వచ్చేసరికి దాని చుట్టూ తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. మామ, అత్త, నేను కలిస్తే పన్నెండు. పెద్దమామ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. పెద్దత్త బేసిన్ నిండా చిత్రాన్నం, ఇంకో డబ్బాలో బొబ్బట్లలాంటి ఓళిగలు కట్టుకొచ్చింది. "మేము మాత్రం సూసినామా గండికోట? పక్కనే పెట్టుకోని!" అంటూ ముందుసీట్లో కూర్చుంది. మామ మొహం చూడాలి అప్పుడు. దొంగకు తేలు కుట్టినట్టు, వెనక ఇరుక్కుని, ముద్దనూరు దాటేదాకా మేజోడు కాలిని చిత్రాన్నం బేసిన్ వెనక దాచుకుని కూర్చున్నాడు.

జమ్మలమడుగులో మామా నేనూ దిగిపోయి, మిగతావాళ్ళను కోటకు పంపేద్దామని నా ఎత్తు. ఏదో ఎరువుల అంగట్లో పని ఉందని చెప్పమని ఆయనకు చెవిలో చెప్పాను కూడా. కానీ మనిషికి కంగారులో నిజానికి దగ్గరగా ఉన్న అబద్ధమే నోటికొస్తుందేమో. జీపు ఆగగానే మామ, "మీరు పోతాండండి, ఈడ ఆసుపత్రిలో మనకు తెల్సినాయన ఒకడుండాడు, పలకరించొస్తాం" అనేశాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. లోకంలో ఇన్ని అబద్ధాలుండగా మా వాళ్ళ ముందు ఆడకూడనిది అదొక్కటే. "అయ్యో, ఎవురప్పా? ముందే చెప్పకూడదా!" అని పెద్దత్త అప్పటికే చీర సర్దుకుంటూ దిగుతోంది. "ఇంతదూరం వచ్చి పలకరీకుండా పోతే ఏమనుకుంటారు? కోట యాడికన్నా పోతుందా?" జీపు జీపంతా దిగింది. ఎదురంగట్లో ఉన్న బ్రెడ్డు పొట్లాలన్నీ అయిపోయాయి. ముందు పెద్దత్త, వెనక తక్కినవాళ్ళు, అందరికంటే వెనక కుంటుకుంటూ మామ, ఆసుపత్రిలోకి ఊరేగింపుగా నడిచాం. "యాడుండాడమ్మా మా పేషెంటు?" అని పెద్దత్త కనబడిన ప్రతి నర్సునూ అడుగుతోంది. పేరేమిటని వాళ్ళడిగితే మామ వైపు చూస్తోంది. మామ గోడ మీద ఉన్న టీకాల పట్టిక చదువుతున్నాడు.

నేను ముందురాత్రే ఆ అమ్మాయికి ఫోన్ చేసి మామ పేరు రాయించి ఉన్నాను. లోపలి గది తలుపు తెరుచుకుని, ఒక నర్సమ్మ మామ ఇంటిపేరు, పేరు, వయసు, ఊరు గట్టిగా చదివి, "కాలి పుండు కేసు, ఎవరండీ?" అంది. పెద్దమామ తమ్ముడి మొహం చూశాడు, మేజోళ్ళు చూశాడు, మళ్ళీ మొహం చూశాడు. తన చేతిలోని బ్రెడ్డు పొట్లం తమ్ముడి చేతిలో పెట్టాడు. అది చూసి తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. తెచ్చినవాళ్ళు తెచ్చారు, పలకరించాల్సిన మనిషి దొరికాడు, మరేం చేస్తారు? తొమ్మిది పొట్లాలు గుండెలకు హత్తుకుని మామ డాక్టరు గదిలోకి వచ్చాడు.

డాక్టరమ్మ, అంటే నా దగ్గర రెండు జడలతో చదువుకున్న ఆ పిల్ల, చాలాసేపు కాలు చూసింది. వేలికి సూది గుచ్చి చక్కెర చూసింది. ఉందని ఆయనకే తెలియని చక్కెర, నిండుగా ఉంది. "వేలు దక్కదు. ఇవాళే చేరితే కాలు దక్కించే ప్రయత్నం చేస్తాను. వారం ఆలస్యమైతే నేను మాట ఇవ్వడం కష్టం" అంది. మామ బ్రెడ్డు పొట్లాలు మళ్ళీ ఎత్తుకుని లేచాడు. "రేపొస్తాంలేమ్మా. ఇంట్లో చెప్పొస్తాం." ఇంట్లోవాళ్ళంతా తలుపవతలే ఉన్నారని నేనంటే వినలేదు. చేయి పట్టుకుని ఆపితే, అప్పుడు అరిచాడు. "మా నాయన నడ్సుకుంటానే పోయినాడు మే ఆసుపత్రికి! మూడో దినం ఎద్దులబండ్లో పండబెట్టి తెచ్చినాం. బండి తోలింది నేనే. నాకు తెల్సు ఈడికొస్తే ఏమయితాదో!"

నేను పుట్టకముందే పోయిన తాత సంగతి ఆయన ఏనాడూ నా దగ్గర ఎత్తలేదు. ఇన్నేళ్ళు మమ్మల్ని నవ్వించిన సోడాలూ, బర్రెలు తిన్న బ్రెడ్డూ, వాటన్నిటి అడుగున ఉన్నది ఈ బండి అని నాకప్పుడు తెలిసింది. డాక్టరమ్మ మాత్రం బెదరలేదు. దూదికి మందు అద్దుతూనే, "మీ నాన్నకు ఏం జబ్బండీ?" అని అడిగింది. "ఈపున రాచపుండు, ఇంత గడ్డ." "లేచిన ఎన్నాళ్ళకు తీసుకుపోయారు?"

మామ వేళ్ళు మడిచి ఏవో పండగలు లెక్క పెట్టుకున్నట్టున్నాడు. "ఉగాదికి లేసింది... ఏరువాకకు తీస్కపోతిమి." మడిచిన వేళ్ళు చూసుకుంటూ, "అంతవరకూ పసుపే పెడతా ఉంటిమి" అన్నాడు. చేతిలోని పొట్లాలు బల్ల మీద పెట్టి, కూర్చుని, ఆడపిల్ల ముందు కాలు చాపాడు.

వేలు పోయింది, కాలు దక్కింది. గండికోట ఆ రోజూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. చిత్రాన్నం ఆసుపత్రి వరండాలోనే అయిపోయింది, ఓళిగలు నర్సులు తిన్నారు. మామను పలకరించడానికి మూడు మండలాల జనం వచ్చారు. ఆయన మొదటి రెండు రోజులు దుప్పటి ముసుగు తన్ని, మూడో రోజు నుంచి లేచి కూర్చుని, వచ్చినవాళ్ళందరి చేతా చెప్పులు విప్పించి కాళ్ళు చూడటం మొదలుపెట్టాడు. ఇద్దరిని ఆ మంచం మీద నుంచే డాక్టరమ్మ గదికి పంపాడు కూడా. ఆ అమ్మాయి, "టీచర్, మీ మామను ఇక్కడే ఉంచేసుకోమంటారా?" అని నవ్వింది.

ఆయన ఇప్పటికీ తొమ్మిది వేళ్ళతో తోట తిరుగుతున్నాడు. పోయిన ఏడాది నేను వెళ్ళినప్పుడు, చెట్లకు నీళ్ళు మళ్ళిస్తూ ఉన్నట్టుండి అడిగాడు. "మా నాయన్ను ఉగాదికే తీస్కపోయింటే బతికింటాడు గదా పాపా?" "అప్పుడు నీకు పద్దెనిమిదేళ్ళే కదా మామా, పెద్దవాళ్ళు చెప్పినట్టు చేసుంటావు" అన్నాను. ఆయన పార ఆపి నా వైపు చూశాడు. "బండి కట్టేదానికి పద్దెనిమిదేండ్లు సాలవా మే?"

ఆయన మళ్ళీ పార అందుకుని నీళ్ళను పక్క పాదులోకి మళ్ళించాడు. బండి కట్టాల్సిన రోజు కూడా మామూలు రోజులాగే తెల్లవారి, మామూలుగానే పొద్దుగూకుతుంది. అదే ఆ రోజని మనకు తెలిసేటప్పటికి ఒక్కోసారి నలభై ఏళ్ళు దాటిపోయి ఉంటాయి.